నాలుక కోసిన ఇల్లు

మూడో రోజు కూడా రోవెనా మాట్లాడలేదు.

కోపమొస్తే పొయ్యి వెలిగించని ఆడవాళ్లుంటారు. రోవెనా ఆ రకం కాదు. ఇరవై రెండేళ్లు బడి వంటింట్లో మూడొందల మంది పిల్లలకు వండి పెట్టిన మనిషి. కోపం కోపమే, తిండి తిండే. రెండు గుడ్లు వేయించి, రొట్టె కాల్చి, కాఫీతో సహా మొగుడి ముందు పెట్టి, తను వెళ్లి కిటికీ దగ్గర నిలబడింది.

"ఉప్పు తక్కువైంది," అన్నాడు డెల్బర్ట్. తక్కువ కాలేదు. మాట్లాడిద్దామని అన్నాడంతే.

రోవెనా ఉప్పుబుడ్డి బల్ల మీద ఈ చివర నుంచి ఆ చివరకు తోసింది.

"పోనీలే, అదీ ఒక జవాబే." డెల్బర్ట్ నవ్వబోయి మానుకున్నాడు. "నేనేం తప్పు చేశానో చెప్పు రో. ముసలావిడ కంటి ఆపరేషన్‌కని ఎవాన్స్‌విల్ వెళ్లింది. మెట్లెక్కలేక అవస్థ పడుతోంది కదా, తిరిగొచ్చేసరికి మెట్ల బదులు ఏటవాలుగా చెక్క ర్యాంపు కట్టిపెడదాం అనుకున్నాను. రెండు రోజులు ఈ మోకాళ్లతో కట్టాను. ఆ ఇనుప ముక్క అడ్డమొచ్చింది, కోశాను. ముప్ఫై ఏళ్లుగా తుప్పుపట్టి పూలతొట్టి కింద పడున్న ముక్క!"

రోవెనా కిటికీలోంచి బయటికే చూస్తోంది.

ఆ ఇనుప ముక్కను మా వైపు నాలుక అంటారు. చక్రాల మీద లాక్కొచ్చి దింపే ట్రైలర్ ఇంటి ముందు మూడు మూలల ఇనుప చట్రం ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. ఇంటిని లాక్కెళ్లాలంటే దాన్నే లారీకి తగిలించాలి. డెల్బర్ట్ గ్యాస్ కట్టర్ పెట్టి కోసింది ఆరో నంబరు ఇంటి నాలుకని. ఆ ఇంట్లో ఉండేది డెబ్భై తొమ్మిదేళ్ల ఇమోజీన్; చుట్టుపక్కల అందరూ గౌరవంగా మిస్ ఇమోజీన్ అంటారు. బడి వంటింట్లో రోవెనాకి పని నేర్పిన పెద్ద వంటమనిషి. మంగళవారం సాయంత్రం ఆపరేషన్ నుంచి తిరిగొచ్చి, ఒంటికన్నుతో ర్యాంపు చూసి, నాలుక లేని చోటు చూసి, రోవెనాకి ఫోన్ చేసి ఒక్కటే మాట అంది: "నీ మొగుడు నా నోరు మూశాడు, పిల్లా." ఫోన్ పెట్టేసింది.

అప్పట్నుంచీ రోవెనా కూడా నోరు మూసుకుంది.

ఎనిమిది నెలల క్రితం ఈ పదకొండు స్థలాల ట్రైలర్ పార్కు కొన్నప్పుడు డెల్బర్ట్ ఆనందం చూడాలి. ముప్ఫై ఏళ్లు ఊళ్లోవాళ్ల కప్పులెక్కి రేకులు కొట్టి మోకాళ్లు అరగదీసుకున్నవాడు. "ఇల్లు వాళ్లది, నేల మనది. కప్పు కారితే వాళ్ల తిప్పలు. నేల కారదు కదా!" అని భార్య చెవిలో ఇల్లు కట్టుకుని పోరు పెట్టాడు. తల్లి మొక్కజొన్న చేలో తన వాటా అమ్మి రోవెనా డబ్బు తెచ్చింది. మిగతాది బ్యాంకు ఇచ్చింది. నేల కారలేదు గానీ, మార్చిలో నీళ్ల గొట్టం పగిలింది, మేలో మురుగు పొంగింది. అయినా ఇద్దరూ కలిసి పారలు పట్టుకుని, నవ్వుకుంటూనే తవ్వారు. ముసలితనానికి ఇదే తమ పింఛను అనుకున్నారు.

ఎవరో తలుపు కొట్టారు. మూడో నంబరు ఇంటి అర్లో. మోచేతుల దాకా గ్రీజు.

డెల్బర్ట్ ముఖం వెలిగింది. "రా అర్లో! చూశావా రో, నిన్నట్నుంచి అందరూ ఇళ్ల ముందు ఎంత శుభ్రం చేసుకుంటున్నారో. ఐదో నంబరాయన నాలుకకి రంగు కూడా వేశాడు. నేను ర్యాంపు కట్టానని వాళ్లకీ ఉత్సాహమొచ్చింది."

అర్లో గడప దాటలేదు. "ఉత్సాహం కాదు డెల్బర్ట్. మా నాలుకలు బాగానే ఉన్నాయని నీకు కనబడాలని గ్రీజు రాస్తున్నాం."

"నాకెందుకు కనబడాలి?"

"ఎందుకా? నాలుకున్న ఇల్లయితే ఏ రోజైనా లారీకి తగిలించుకుని పోతాం. నాలుక కోసేస్తే నీ నేలకి అతుక్కుపోయినట్టే. ఆ తర్వాత స్థలం అద్దె నువ్వెంత పెంచితే అంత కట్టాలి. పాత ఓనర్లు కూడా అంత పని చేయలేదు."

"అద్దె పెంచుతానని నేనెప్పుడన్నానయ్యా!"

"అనక్కర్లేదు. ముందు మిస్ ఇమోజీన్‌దే ఎందుకు కోశావు? ఈ పార్కులో ఓనర్‌కి ఎదురు నిలబడేది ఆవిడ. ఆవిడ వెనకాలే మేమంతా."

"ర్యాంపు కోసం కోశాను అర్లో. ఒట్టు."

"ర్యాంపు బాగానే ఉంది," అన్నాడు అర్లో. "ఎలకల బోనులో రొట్టెముక్క కూడా బాగానే ఉంటుంది."

అర్లో టోపీ సర్దుకున్నాడు. చెప్పడానికి అతనికీ కష్టంగానే ఉంది. మేలో మురుగు తవ్వినప్పుడు డెల్బర్ట్ పక్కన నిలబడి తవ్వినవాడే.

"నాలుగిళ్లవాళ్లం మాట్లాడుకున్నాం. మేం ఖాళీ చేస్తున్నట్టు కాగితం రాస్తున్నాం. మిస్ ఇమోజీన్ ఊ అంటే ఇచ్చేస్తాం," అని వెళ్లిపోయాడు.

పదకొండింట్లో నాలుగు ఖాళీ అయితే బ్యాంకు వాయిదా కట్టలేరు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

కిటికీ దగ్గర్నుంచి మూడు రోజుల తర్వాత మొదటి మాట వచ్చింది.

"నిన్నెవరడిగారు సర్‌ప్రైజులు?"

డెల్బర్ట్ తల దించుకున్నాడు. "నిన్ను పెళ్లికి అడిగింది కూడా సర్‌ప్రైజుగానే కదా రో."

"అదీ నేనే సర్దుకొచ్చాను నలభై ఏళ్లుగా," అంది రోవెనా. అన్నాక కాస్త నవ్వొచ్చింది. అది కనబడకుండా గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.

*

మధ్యాహ్నం రోవెనా తునికిపండ్లలాంటి పెర్సిమన్ పండ్ల పుడ్డింగ్ ఒక పళ్లెం కాల్చి, గుడ్డ కప్పి, ఆరో నంబరుకి తీసుకెళ్లింది. పళ్లు నేల మీద రాలినవే తీసుకోవాలనీ, చెట్టున ఉన్నవి కోస్తే వగరనీ ఆమెకి నేర్పింది కూడా ఇమోజీనే.

ర్యాంపు ఎక్కి ముందు తలుపు కొట్టింది.

"వెనకనుంచి రా!" లోపల్నుంచి ఇమోజీన్ గొంతు. "ఆ బల్ల మీద నేను కాలు పెట్టను, నా ఇంటికొచ్చేవాళ్లూ పెట్టక్కర్లేదు."

రోవెనా చుట్టూ తిరిగి వెనక మెట్ల మీదుగా వెళ్లింది. ఇమోజీన్ కంటికి ప్లాస్టిక్ మూత అతికించుకుని కుర్చీలో కూచుంది. పళ్లెం వైపు ఒంటికన్నుతో చూసింది.

"దాల్చినచెక్క ఎక్కువేశావు. వాసనే చెబుతోంది."

"మీరు తినకముందే వంక పెట్టకండి."

"తింటే ఇంకా పెడతాను. చెంచా అక్కడుంది."

ఇద్దరూ ఒకే పళ్లెంలో తిన్నారు. బడి వంటింట్లో పిల్లల భోజనాలయ్యాక ఇద్దరూ వెనక మెట్ల మీద కూచుని ఇలాగే తినేవాళ్లు. రోవెనాకి దుఃఖం పొంగుకొచ్చింది.

"మిస్ ఇమోజీన్, డెల్ తిక్కమనిషి గానీ చెడ్డవాడు కాడు. రేపే వెల్డింగ్ చేయించి అతికిస్తాడు. నేను చేయిస్తాను. మీరు మాత్రం వెళ్లొద్దు."

"వెళ్తానని ఎవరన్నారు?"

"అర్లో..."

"అర్లోకేం తెలుసు." ఇమోజీన్ చెంచా కింద పెట్టింది. "మా ఆయన హార్లన్ బతికుండగా ఒక ఓనర్ ఒక్కసారే అద్దె రెట్టింపు చేస్తానన్నాడు. హార్లన్ అరవలేదు, తిట్టలేదు. గ్రీజు డబ్బా తెచ్చుకుని, స్టూలు వేసుకుని, నాలుక దగ్గర కూచుని సాయంత్రం దాకా గ్రీజు రాశాడు. ఓనర్ కారు రెండుసార్లు ఇటు వచ్చింది, రెండుసార్లు అటు వెళ్లింది. మర్నాడు వచ్చి, సరేలే, పాత అద్దే ఇవ్వు అన్నాడు. ఆయన పోయాక నేనూ అంతే. నలుగురు ఓనర్లని చూశాను. అద్దె మాట రాగానే గ్రీజు డబ్బా తీసేదాన్ని. అది చూసి మిగతావాళ్లూ తీసేవాళ్లు."

"అందుకేనా నిన్నట్నుంచీ అందరూ..."

"అందుకే. అదే మాకున్న నోరు, పిల్లా. నీ మొగుడు కోసిపారేశాడు."

రోవెనా ఆమె చెయ్యి పట్టుకుంది. "అతికిస్తాం. మీరెప్పుడు కావాలంటే అప్పుడు లారీ తగిలించుకుని వెళ్లొచ్చు. మా మీద కోపమొస్తే ఆ రోజే వెళ్లొచ్చు."

ఇమోజీన్ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వకూడదని డాక్టర్ చెప్పాడేమో, కంటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది.

"ఎలా వెళ్తానే? ఈ ఇంటికి ఇరుసులు లేవు."

"ఏంటీ?"

"చక్రాల్లేవు, ఇరుసుల్లేవు. కింద ఉత్త సిమెంటు దిమ్మలు. తొంభై నాలుగులో నాకు పెద్ద ఆపరేషన్ అయింది కదా, ఆస్పత్రి వాళ్లకి కట్టడానికి హార్లన్ రెండు ఇరుసులూ పడవలు మోసే బండ్లు చేసేవాడికి అమ్మేశాడు. కింద ఏముందో కనబడకుండా చుట్టూ రేకులు బిగించేశాడు. ఈ సంగతి ఆయనకి తెలుసు, నాకు తెలుసు, దేవుడికి తెలుసు. ఇప్పుడు నీకు."

రోవెనా కళ్లు పెద్దవయ్యాయి. ముప్ఫై ఏళ్లుగా కదలలేని ఇంటి నాలుకకి గ్రీజు రాసి, నలుగురు ఓనర్లని వణికించిందన్నమాట ఈ ముసలిది. నవ్వాలో, కాళ్లకి మొక్కాలో తెలియలేదు. ఆ వెంటనే ఇంకో సంగతి గుర్తొచ్చి ముఖం మాడిపోయింది.

"మిస్ ఇమోజీన్, ఇప్పుడు నేను ఓనర్ని కదా. నాకెందుకు చెప్పారు?"

"నేను ఓనర్‌కి చెప్పలేదు. పనిలో చేరిన కొత్తలో బీన్స్ మాడబెట్టి, స్టోరు గదిలో కూచుని ఏడ్చిన పిల్లకి చెప్పాను." ఇమోజీన్ ఆమె వేళ్లు గట్టిగా నొక్కింది. "డెల్బర్ట్‌కి చెప్పకు. అర్లోకీ తెలియకూడదు. ఈ పది కుటుంబాలూ నా ధైర్యం చూసి నిలబడ్డవాళ్లు. నాది ఉత్త గాలి బెదిరింపు అని తెలిస్తే రేపెవరూ నోరెత్తరు. మీరు మంచివాళ్లే. మీ తర్వాత కొనేవాడు ఎవడో?"

"చెప్పను," అంది రోవెనా.

*

ఆ సాయంత్రం డెల్బర్ట్ హుషారుగా వచ్చాడు. చేతుల మీద వెల్డింగ్ నిప్పురవ్వల మచ్చలు.

"అతికించేశాను రో! కొత్తదానికన్నా గట్టిగా ఉంది. ఆవిడ కిటికీ తెరిచి, ఏమీ అనకుండా కాఫీ కప్పు గట్టు మీద పెట్టింది. తాగాను. కప్పు కడిగి మళ్లీ అక్కడే పెట్టాను."

రోవెనాకి మొగుడి మీద ఎంత ప్రేమ పొంగిందంటే, సంగతంతా చెప్పేయాలనిపించింది. మాట మొదలుపెడితే ఆగలేనని తెలిసి, బీన్స్ సూప్ ఇంకో గరిటె వడ్డించి ఊరుకుంది.

"ఇంకోటి కూడా ఉంది," అన్నాడు డెల్బర్ట్. "శనివారం పొద్దున చూస్తావుగా. అర్లో నోరు శాశ్వతంగా మూయిస్తాను."

ఏమిటని ఆమె అడిగి ఉండాల్సింది. మూడు రోజులు మౌనంతో మొగుణ్ణి సాధించింది; ఇప్పుడు రహస్యం దాచుకోవడానికి అదే మౌనం పట్టుకుంది. అడగలేదు.

అతికించిన నాలుకతో, తాగిన కాఫీతో సంగతి అక్కడితో ముగిసేది. కానీ అక్కడితో ఆగితే అతను డెల్బర్ట్ ఎందుకవుతాడు?

*

శనివారం తొమ్మిదింటికి ఆరో నంబరు ముందు హోయ్ట్ లారీ ఆగింది. ట్రైలర్ ఇళ్లు లాగడం హోయ్ట్ పని. చర్చిలో చందా పళ్లెం పట్టే మనిషి. ఒక ఇల్లు రోడ్డెక్కగలదని అతను రాసిచ్చాడంటే మా జిల్లాలో ఇంకెవరూ మళ్లీ తనిఖీ చేయరు.

ఉత్తరాల పెట్టెల దగ్గర పార్కు మొత్తం గుమిగూడింది. డెల్బర్ట్ బోర్లించిన బకెట్ ఎక్కి నిలబడ్డాడు. రోవెనా ఏప్రన్‌తోనే పరుగెత్తుకొచ్చింది.

"ఎవర్నీ కట్టిపడేయడానికి నేనీ పార్కు కొనలేదు," అంటున్నాడు డెల్బర్ట్. "హోయ్ట్ ఒక్కో ఇంటి కిందా దూరి చూసి, ఇది ఏ రోజైనా కదులుతుందని రాసిస్తాడు. ఆ కాగితాలు ఇక్కడే అతికిస్తాను. ఎవరు వెళ్తానన్నా లారీ ఖర్చు నాది. మొదట మిస్ ఇమోజీన్ ఇల్లు!"

ఎవరో చప్పట్లు కొట్టారు. అర్లో కూడా తలూపాడు. అతని చేతిలో మడతపెట్టిన కాగితముంది. దాన్ని జేబులోకి తోసేస్తున్నాడు.

హోయ్ట్ టార్చి తీసుకుని రేకుల వైపు నడిచాడు.

"ఆగు!" అంది రోవెనా.

అందరూ తిరిగి చూశారు.

"డెల్, ఆయన్ని పంపించెయ్."

"ఎందుకు రో? అంతా మంచిదే కదా?"

"పంపించెయ్ అంటున్నా."

"ఎందుకు వద్దంటున్నావమ్మా?" అర్లో మెల్లగానే అడిగాడు. అందుకే అది మరీ గుచ్చుకుంది.

రోవెనా ఇమోజీన్ కిటికీ వైపు చూడలేదు. చూస్తే అందరూ చూస్తారు. నిజం చెప్పకుండా ఆపాలంటే ఆమెకి ఒక్క దారే కనబడింది.

"ఈ పార్కులో సగం నాది. నా నేల మీద ఏ ఇంటి కిందా ఎవరూ దూరడానికి వీల్లేదు. కాగితాలూ లేవు, ఏమీ లేవు. ఈ ఇల్లు ఎక్కడికీ వెళ్లదు."

అర్లో జేబులో కాగితం మళ్లీ బయటికి తీశాడు.

"ఇదంతా డెల్బర్ట్ పని అనుకున్నాం," అన్నాడు.

రోవెనా చెంపలు మండిపోయాయి. ఈ జనానికి ఆమె పుడ్డింగులు పంచింది, జ్వరాలొస్తే సూప్ పంపింది. ఇప్పుడు ఒక్కరూ ఆమె ముఖం వైపు చూడటం లేదు. డెల్బర్ట్ బకెట్ దిగాడు. నలభై ఏళ్లలో ఈ గొంతు అతనెప్పుడూ వినలేదు. ఏమీ అర్థం కాకపోయినా వచ్చి భార్య పక్కన నిలబడ్డాడు.

"మా ఆవిడ వద్దంటే వద్దు. తిట్టేదేదో నన్ను తిట్టండి. హోయ్ట్, ఏమనుకోకు, నువ్వెళ్లు."

"వెళ్లక్కర్లేదు."

ఇమోజీన్ వెనక మెట్లు దిగి, గోడ పట్టుకుని చుట్టూ నడిచొచ్చింది. తిన్నగా రోవెనా ముందుకొచ్చి ఆగింది. ఆమెకి మాత్రమే వినబడేలా అంది:

"పక్కకి జరుగు పిల్లా. నా గాలి నిలబెట్టడానికి నువ్వు దెయ్యానివి కానక్కర్లేదు."

"వద్దు మిస్ ఇమోజీన్. నేను పడతాను."

"ఎన్నాళ్లు పడతావు? జరుగు." తర్వాత గొంతు పెంచింది. "హోయ్ట్! ఆ మూల రేకు వదులుగా ఉంటుంది. చూడు."

హోయ్ట్ మోకాళ్ల మీద కూచుని రేకు తీశాడు. అతని వెనకాలే, అరిగిన మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ, డెల్బర్ట్ కూడా లోపలికి దూరాడు. బయట ఇమోజీన్ ఏ ఆసరా లేకుండా నిటారుగా నిలబడింది. రోవెనా ఆమె భుజం కింద చెయ్యి వేసింది.

లోపల టార్చి వెలుగు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లి ఆగిపోయింది. చాలాసేపు అక్కడే ఉంది.

ముందు డెల్బర్ట్ బయటికొచ్చాడు. మోకాళ్ల నిండా మట్టి. ఇమోజీన్ వైపు చూశాడు. భార్య వైపు చూశాడు. ఆమె ఎందుకలా అరిచిందో, ఎవరి కోసం ఊరందరి ముందూ చెడ్డదైందో అతనికి అర్థమైంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మట్టి చేత్తో తుడుచుకుని జనం వైపు తిరిగాడు.

"ఇరుసులు రెండూ ఉన్నాయి," అన్నాడు. "రేపు లారీ తగిలించినా వెళ్తుంది. ఈవిడతో జాగ్రత్తగా ఉండాల్సింది నేనే."

రోవెనా చెయ్యి ఇమోజీన్ చేతిలో బిగుసుకుంది.

అర్లో కాగితం పట్టుకునే ముందుకొచ్చాడు. "నువ్వు చెబితే ఎలా డెల్బర్ట్? ఓనర్‌వి. హోయ్ట్ రాసివ్వాలన్నది నీ మాటే కదా."

హోయ్ట్ అప్పుడే బయటికి పాకుతున్నాడు. టార్చి ఆర్పాడు. అబద్ధం కింద ఇంతవరకూ సంతకం పెట్టని మనిషి. మోకాళ్ల మీదే ఉండి, మొదట డెల్బర్ట్ వైపు, తర్వాత కంటికి మూత పెట్టుకుని నిటారుగా నిలబడ్డ ముసలావిడ వైపు చూశాడు.

"ఎవరి దగ్గరైనా పెన్నుందా?" అన్నాడు.